ముక్కల బజారులో పది అడుగులు

గుమ్మళ్లపేటలో ముక్కల బజారు ఎక్కడని అడిగితే, కొత్తవాళ్లకి మాంసం కొట్లవైపు దారి చూపించి నవ్వుకునే ఆకతాయిలు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ముక్కల బజారులో అమ్మేవి గుడ్డముక్కలు. మిల్లుల్లో తానుల చివర మిగిలినవి, దర్జీలు జాకెట్లు కత్తిరించగా పోగుపడ్డవి, అద్దకంలో పువ్వు మీద పువ్వు పడి చెడినవి, అన్నీ గోనెసంచుల్లో దిగి కిలోల లెక్కన పోతాయి. బొంత కుట్టాలనుకున్న ఆడమనిషి ఎవరైనా ఆ బజారుకి రావలసిందే. మీటరు లెక్కన కొత్తగుడ్డ కొని, దాన్ని ముక్కలు చేసి, మళ్లీ అతుకులేసి బొంత కుట్టేటంత తీరికా డబ్బూ గుమ్మళ్లపేటలో ఎవరికీ లేవు.

నూకరత్నం ఆ బజారులో ఇరవై రెండేళ్లుగా కొంటోంది. అదీ ఒక్క కొండబాబు కొట్లోనే. వాళ్లిద్దరి బేరం వినడానికి పక్క కొట్లవాళ్లు చేతిలో పని ఆపేసేవారు.

"కిలో ఎంతయ్యా?"

"మీకు తెలీందేవుందండీ అక్కయ్యగారూ, రెండొందలు."

"ఎనభై చేసుకో."

"అయ్యబాబోయ్! నా పిల్లల మీదొట్టండి, నూట డెబ్భైకి నాకే పడింది."

"అలాగైతే నీ పిల్లల్నే కుట్టుకోమను బొంతలు."

అంటూ ఆవిడ ముక్కల్ని కుప్పలో పడేసి, చెంగు దులిపి, వెనక్కి తిరిగి నడిచేది. వెనక్కి చూడకూడదు, చూస్తే బేరం చెడినట్టే. మొదటి అడుగు కోపంగా, రెండోది నిదానంగా, మూడోది ఇంకా నిదానంగా వేస్తూ గాజుల కొట్టు దాకా వెళ్లేసరికి వెనకనించి కేక వినిపించేది. "అక్కయ్యగారూ, రండి రండి! పొద్దున్నే బోణీ బేరం, కాదనలేక ఇస్తన్నాను. నూట ఇరవై!" ఆవిడ ఏదో అతని మీద జాలిపడి వస్తున్నట్టు వెనక్కొచ్చి, నూట ఇరవై ఇచ్చి, రెండు ముక్కలు కొసరు లాక్కుని వెళ్లేది.

చివరికి తేలేది నూట ఇరవై అని ఇద్దరికీ మొదటి మాటకి ముందే తెలుసు. అయినా ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు కూడా ఒక్క మెట్టు వదల్లేదు. మోసపోలేదన్న తృప్తి ఆవిడకి, చవగ్గా పారేసుకోలేదన్న తృప్తి అతనికి దక్కేది. ఇంతకన్నా న్యాయమైన ధర ఎలా ఉంటుందో వాళ్లిద్దరికీ తెలియదు. ఎలా ఉండాలో ప్రభుత్వానికి తెలిసింది.

అది ఎలా తెలిసిందంటే, రాజధానిలో ఒక పెద్ద అధికారిగారి భార్య ఎక్కడో కిలో రెండు వందల చొప్పున మూడు కిలోల ముక్కలు కొని తెచ్చుకుంది. అవే ముక్కలు పక్కింటావిడ నూట ఇరవైకి తెచ్చానని గోడ మీంచి చూపించింది. ఆ తరవాత మూడు రోజులు పెద్ద అధికారిగారికి ఇంట్లో పెరుగన్నం తప్ప ఇంకేమీ దొరకలేదు. నాలుగో రోజుకల్లా 'వస్త్రఖండ న్యాయధర నిర్ధారణ ప్రాధికార సంస్థ' పుట్టింది. వస్త్రఖండం అంటే గుడ్డముక్కే. కాకపోతే గుడ్డముక్కకి ఒక సంస్థని పెట్టామంటే ఆర్థికశాఖ ఒప్పుకోదు.

సంస్థ శాఖ ఒకటి ముక్కల బజారులోనే, మూతపడిన హోటలు మేడ మీద తెరిచారు. దానికి ప్రత్యేకాధికారిగా త్రివిక్రమరావు వచ్చారు. బక్కపల్చని మనిషి, పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. పుట్టి బుద్ధెరిగాక ఆయన దేన్నీ బేరమాడి కొనలేదు. ఆటోవాడు ఎంతంటే అంత ఇచ్చి, పైన ధన్యవాదాలు కూడా చెప్పేవారు. ఈ శాఖకి ఆయన్ని ఏరి కోరి పంపింది అందుకేనట, ఏ పక్షపాతమూ ఉండదని.

మొదటి వారం ఆయన బజారంతా తిరిగి, అమ్మేవాళ్లు చెప్పే ధరా కొనేవాళ్లు అడిగే ధరా రాసుకుని, రెంటినీ కలిపి సగం చేసి, అదే న్యాయధర అని ప్రకటించారు. మర్నాటికి కొండబాబు కిలో నాలుగు వేలన్నాడు. నూకరత్నం అర్ధరూపాయి అంది. న్యాయధర రెండు వేల రూపాయల పాతిక పైసలుగా తేలింది. దాంతో ఆ లెక్క పక్కన పెట్టి, ముగ్గురు నిపుణుల్ని పిలిపించి, రెణ్ణెల్లు అధ్యయనం చేయించి, కిలో నూట ఇరవై అని ఖాయం చేశారు. ప్రతి కొట్టు మీదా నీలం బోర్డు దిగింది: 'న్యాయధర నూట ఇరవై. బేరము నిషేధించడమైనది.'

ఆ నెల ముక్కల బజారులో ఒక్క ముక్క అమ్ముడు పోలేదు.

"బోర్డు మీదే నూట ఇరవై రాశారంటే లోపల అరవై కూడా చెయ్యదన్నమాట" అని ఆడవాళ్లంతా ఖాళీ సంచులతో వెళ్లిపోయారు. కొండబాబుకైతే అన్నం సయించడం మానేసింది. "నెల్లాళ్లయిందండి, ఒక్కరూ నన్ను దొంగ అనలేదు. బతికున్నానో లేదో తెలవట్లేదు" అని గాజుల కొట్టువాడి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

త్రివిక్రమరావు ఈ పరిస్థితిని పైకి నివేదించారు. 'బేరమాడక కొన్న వస్తువుపై కొనుగోలుదారుకు విశ్వాసము, అమ్మకందారుకు ఆత్మగౌరవము కలుగుట లేదు. కావున బేరమును పునరుద్ధరించుట అవసరము. అయితే అది క్రమబద్ధముగా జరుగవలెను.' పైవాళ్లకి ఆఖరి వాక్యం బాగా నచ్చింది.

నలభై పేజీల బేర నియమావళి వచ్చింది. దాని ప్రకారం, బోణీ అనే మాట కొట్టుకి రోజుకి ఒక్కసారే వాడాలి. అది ఎవరికో ముందురోజే మేడ మీద చీటీ తీస్తారు. 'ఇదే ఆఖరి మాట' అని ఒకసారి అన్నవాడు ఆ తరవాత ఇంకో మాట అంటే జరిమానా. పిల్లల మీద ఒట్టు వేసేవాడు ఆ పిల్లల జనన ధ్రువీకరణ పత్రాలు కొట్లో ఉంచుకోవాలి. కొండబాబు అలవాటుకొద్దీ 'నా ముగ్గురు పిల్లల మీదొట్టు' అన్నాడు, పత్రాలు చూస్తే ఇద్దరే తేలారు. మూడోవాణ్ణి హాజరు పరచమని నోటీసిస్తే వాళ్లావిడ పుట్టింటికి వెళ్లి నాలుగు రోజులు రాలేదు.

అన్నిటికన్నా పెద్ద నియమం నడక గురించి. బేరం కుదరని కొనుగోలుదారు కొట్టు గడప నించి పది అడుగులు నడవాలి. అక్కడ రోడ్డుకడ్డంగా పసుపుగీత కొట్టారు. గీత మీద నిలబడ్డాక, సంస్థ నియమించిన పునరాహ్వాన అధికారి వచ్చి, "రండమ్మా, రండి" అని పిలవాలి. అప్పుడే వెనక్కి రావాలి. పిలవకుండా తనంతట తాను వస్తే అది స్వయం పునరాగమనం, చెప్పిన ధర మొత్తం ఇచ్చుకోవాలి. గీత దాటి వెళ్లిపోతే బేరం రద్దు, ఆరు నెలలపాటు ఆ బజారులో కొనడానికి వీల్లేదు. కొట్టువాడు తానే పిలిస్తే అనధికార ఆహ్వానం.

ఇవన్నీ అమల్లోకి వచ్చిన వారానికి నూకరత్నం కూతురు భవానికి ఆడపిల్ల పుట్టింది.

బిడ్డ భూమ్మీద పడకముందు బిడ్డకోసం గుడ్డకి సూది గుచ్చకూడదని నూకరత్నం వాళ్లమ్మ చెప్పింది, వాళ్లమ్మకి వాళ్లమ్మ చెప్పింది. పుట్టాక ఇరవై ఒకటో రోజున ఉయ్యాల్లో వేసేనాటికి మాత్రం అమ్మమ్మ కుట్టిన బొంత ఉయ్యాల్లో ఉండాలి. లోపల అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ చీరలు, పైన తొమ్మిది రంగుల ముక్కలు. భవాని పుట్టినప్పుడు అలాంటి బొంత మీదే పడుకుంది. చీరలు నూకరత్నం పెట్టెలో పన్నెండేళ్లుగా ఉన్నాయి. కావలసింది ఒకటిన్నర కిలోల రంగుముక్కలు. కుట్టడానికి మూడు రోజులు చాలు. అంటే పద్ధెనిమిది రోజులు చేతిలో ఉన్నాయి. ఇంకేం, బోలెడంత వ్యవధి అనుకుని, నాలుగో రోజు పొద్దున్న సంచీ తీసుకుని బయల్దేరింది.

ముందుగా మేడ మీద బేరానుమతి తీసుకోవాలన్నారు. త్రివిక్రమరావు స్వయంగా దరఖాస్తు తీసుకుని కళ్లజోడు సర్దుకున్నారు.

"మీరు అడగబోవు ధర ఎంత?"

"ఎనభై అండి."

"ఏ ప్రాతిపదికన?"

"అతను రెండొందలంటాడు కదండీ."

"ఆయన ఇంకనూ అనలేదు కదా."

"అంటాడండి. ఇరవై రెండేళ్ల నించి అదే అంటన్నాడు."

"అట్లయిన మీరు చెల్లించ నిశ్చయించిన తుది ధర?"

"నూట ఇరవై."

త్రివిక్రమరావు కలం ఆపారు. "అమ్మా, ఆయన నూట ఇరవైకే ఇచ్చుటకు సిద్ధముగా ఉన్నారు. మీరును నూట ఇరవైయే ఇచ్చుటకు సిద్ధముగా ఉన్నారు. మధ్యలో ఈ ఎనభై ఎందుకు?"

నూకరత్నానికి ఈ ప్రశ్న అర్థం కాలేదు. అన్నం తినేవాణ్ణి మధ్యలో నమలడం ఎందుకని అడిగినట్టుంది. "ఎనభై అనకపోతే నూట ఇరవై ఎలాగొస్తదండీ?" అంది. ఆయన ఆ మాటని యథాతథంగా 'కారణములు' అన్న గడిలో రాసుకుని, ముద్ర వేసి రసీదు ఇచ్చారు.

ఐదు రోజులు తిరిగాక అనుమతి చేతికొచ్చింది. అప్పటికి బిడ్డకి తొమ్మిదో రోజు. కొట్లో గుమస్తా ఒకతను గడియారం పట్టుకుని నిలబడ్డాడు. కొండబాబు రెండొందలన్నాడు, ఆవిడ ఎనభై అంది. అతను ఉన్న ఇద్దరు పిల్లల మీదే ఒట్టు వేశాడు. ఆవిడ ముక్కలు కుప్పలో పడేసి, చెంగు దులిపి, వెనక్కి చూడకుండా నడిచింది. గుమస్తా అడుగులు లెక్కపెట్టాడు. పదో అడుగు సరిగ్గా పసుపుగీత మీద పడింది.

ఆగింది. కేక రాలేదు.

కాసేపు చూసి, తల తిప్పకుండానే గుమస్తాని అడిగింది. "ఏవయ్యా, పిలవరేం?"

"పునరాహ్వాన అధికారి శిక్షణకి వెళ్లారండి."

"ఏం శిక్షణ?"

"పిలిచే శిక్షణేనండి. గొంతు మరీ ఆత్రంగా ఉండకూడదు, మరీ నిర్లక్ష్యంగా ఉండకూడదు. పదిహేను పనిదినాలు."

"అందాకా?"

"అందాకా గీత మీదే ఉండాలండి. ఉదయం పది నించి సాయంత్రం ఐదు దాకా. మధ్యలో భోజనానికి అరగంట, గీత మీదే."

నూకరత్నానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెనక్కి వెళ్దామంటే కొండబాబు చెప్పిన రెండొందలూ ఇవ్వాలి. పోనీ, ఇద్దామని ఒక్క క్షణం అనిపించింది. కాని మనవరాలి ఉయ్యాల్లో మోసపోయి కొన్న గుడ్డ వేస్తే, ఆ పిల్ల జన్మంతా అందరిచేతా మోసపోతుందన్న దిగులు పట్టుకుంది. ముందుకి వెళ్లిపోదామంటే ఆరు నెలలు ముక్క దొరకదు. ఆవిడ గీత మీదే నిలబడింది.

మర్నాటికి గీత మీద ముగ్గురయ్యారు. పన్నెండో రోజుకి ఇరవై మంది. అందరి వీపులూ కొట్లవైపు, మొహాలు రోడ్డువైపు. వెనక్కి చూస్తే బేరం చెడుతుందన్న మర్యాద ఆ ఆడవాళ్లు గీత మీద కూడా తప్పలేదు. కొందరు చిక్కుళ్లు ఒలుచుకున్నారు, కొందరు పిండివంటలు పంచుకున్నారు. ఎదురుగా టీ బండి వెలిసింది. నిలబడలేని ముసలమ్మ ఒకావిడ కోడల్ని బదులు నిలబెడతానంటే, బేరము బదిలీ చేయుటకు వీలులేదని రాసిచ్చారు. సంస్థ వాళ్లు మేడ మీద పెద్ద బోర్డు కట్టారు: 'బేరములో పాల్గొను మహిళల సంఖ్య ఒక్క వారములో ఇరవై రెట్లు పెరిగినది.' రాజధాని నించి ఒకాయన వచ్చి, గీత మీదున్న ఆడవాళ్లతో ఫొటో దిగి వెళ్లాడు. ఫొటోలో వాళ్ల మొహాలు దగ్గరగా పడాలి కనక వెనకున్న కొట్లు పడలేదు.

కొండబాబు బాధ ఇంకో రకం. పది అడుగుల దూరంలో నూకరత్నం వీపు కనిపిస్తూంటే అతని గొంతులో కేక కొట్టుమిట్టాడేది. ఒకసారి ఆపుకోలేక "అక్కా..." అన్నాడు, ఐదొందలు జరిమానా పడింది. అప్పణ్ణించి పూలగుడ్డ ముక్కొకటి నోటికి కట్టుకుని కూచునేవాడు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి మనవరాలు మడతపెట్టిన తువ్వాలు మీద పడుకుని ఉండేది. నూకరత్నం కాళ్లు కడుక్కుని బిడ్డని ఒళ్లోకి తీసుకునేది. బిడ్డ వీపు మీద తువ్వాలు నూలు అచ్చులు ఎర్రగా పడి ఉండేవి. ఆ అచ్చుల మీద ఆవిడ వేలితో రాస్తూ కూచునేది.

"అమ్మా, పోనియ్యవే. బజార్లో దుప్పటొకటి కొనేద్దాం" అంది భవాని.

"కొన్న దుప్పటి మీద పడుకోడానికి దానికి అమ్మమ్మ లేదా ఏంటి?" అని కసురుకుంది.

పదిహేడో రోజున త్రివిక్రమరావు మేడ దిగి గీత తనిఖీకి వచ్చారు. గీత మీద నలభై ముగ్గురున్నారు. ఎవరి పాదాలైనా గీత బయటికి వచ్చాయేమోనని చూసుకుంటూ నూకరత్నం దగ్గరికి వచ్చారు.

"అయ్యా, ఎప్పుడు పిలుస్తారండీ?"

"శిక్షణ ముగియుటకు ఇంకనూ తొమ్మిది పనిదినములు. తదుపరి ఉత్తర్వులకు మూడు. మొత్తము పన్నెండు."

"రేప్పొద్దున్న పిలిపించండి."

"అసాధ్యము. పన్నెండు."

"ఒక్కరోజు."

"అమ్మా, దినములు గుడ్డముక్కలు కావు."

"పక్క జిల్లా ఆఫీసులో రెండ్రోజుల్లో పిలుస్తన్నారంట కదండీ."

పక్క జిల్లాలో ఆఫీసే లేదు. ఆ సంగతి త్రివిక్రమరావుకి తట్టలేదు. ఆయన మెడ బిగుసుకుంది. "రెండు దినములా? నాణ్యత ఉండదు. మా పిలుపు వేరు. కావలసినచో పది దినములకు చేసెదను."

"రెండు."

"ఎనిమిది. అంతకు తగ్గిన నాకు గిట్టదు."

గిట్టదు అన్న మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆయనే ఉలిక్కిపడ్డారు. వెనకాల గుమస్తా నోరు తెరిచాడు. నలభై రెండు చిక్కుడుకాయల చప్పుళ్లు ఒక్కసారి ఆగిపోయాయి.

"ఎనిమిదైతే మీరే ఉంచుకోండి" అంది నూకరత్నం.

"నా పదోన్నతి మీద ఒట్టు! ఆరు. ఇదే ఆఖరి మాట."

నూకరత్నం సంచీ దులిపింది. గీత దాటితే ఆరు నెలలు. ఇరవై ఒకటో రోజు నాలుగు రోజుల్లో ఉంది. బొంత లేదు. కాని ఎదుటి మనిషి మొహంలో ఆవిడకి ఇరవై రెండేళ్లుగా తెలిసిన గుర్తు కనిపించింది. కొండబాబుకి కూడా సరిగ్గా అలాగే ముక్కు చివర చెమట పడుతుంది. ఆవిడ గీత దాటి నడిచింది. వెనక్కి చూడలేదు. మొదటి అడుగు కోపంగా, రెండోది నిదానంగా, మూడోది ఇంకా నిదానంగా.

త్రివిక్రమరావు జన్మలో ఎరగని ఒక భయం ఆయన్ని పట్టుకుంది. ఇంత మంచి బేరం చేతిలోంచి జారిపోతోంది! ఆయన మణికట్టు గుండీలు ఊడదీశారు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అమ్మా! రండి, రండి! ఇవాళే! ఇవాళే పిలిచేశాను, రండి!"

గుమస్తా మెల్లిగా దగ్గరికొచ్చి, "సార్, మీరు పునరాహ్వానం చేసేశారు" అన్నాడు. "మీ హోదా పునరాహ్వాన అధికారి కన్నా పైది. చెల్లుతుంది. పేరు పెట్టి పిలవలేదు కూడాను. దాటిన ఆవిడకీ, గీత మీదున్న అందరికీ వర్తిస్తుంది."

నలభై ముగ్గురు ఆడవాళ్లు ఒక్కసారి వెనక్కి తిరిగారు. ఆ తరవాత పది నిమిషాలు ముక్కల బజారులో జరిగింది నియమావళిలో ఏ పేజీలోనూ లేదు. చిక్కుళ్లు ఎగిరాయి, త్రాసులు ఊగాయి, నీలం బోర్డు ఒకటి కింద పడింది. కొండబాబు నోటి గుడ్డ లాగేసి, "అక్కయ్యగారూ! నా కొంప ముంచేశారు, నూట ఇరవై!" అని ఎనిమిది రోజుల కేక ఒక్కసారే వేశాడు. ఆవిడ "దొంగ వెధవా, నూట పది!" అంది. అతను ఆనందంతో కళ్లు తుడుచుకున్నాడు. త్రివిక్రమరావు రోడ్డు మధ్యలో అలాగే నిలబడి ఉన్నారు. ఆయన మొహం పరీక్ష పాసైన పిల్లాడి మొహంలా వెలిగిపోతోంది.

మూడు పగళ్లు నూకరత్నం సూది దించలేదు. నాలుగు పాత చీరలు ఒకదాని మీదొకటి పరిచి, పైన తొమ్మిది రంగుల ముక్కలు అతికి, గోరంత గోరంత దూరంలో కుట్టు వేసుకుంటూ వచ్చింది. ఇరవయ్యో రోజు సాయంత్రం చివరి ముడి వేసి, బొంతని చెంపకి ఆనించుకుని చూసుకుంది. మెత్తగా ఉంది. చాలనిపించింది.

ఇరవై ఒకటో రోజు ఇల్లంతా చుట్టాలు. భవాని అత్తగారు వరహాలమ్మ ముందు గదిలో పీట వేసుకుని కూచుంది. ఉయ్యాలకి పూలు కట్టారు. నూకరత్నం బొంత తెచ్చి ఉయ్యాల్లో పరవబోతూంటే, గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. త్రివిక్రమరావు, వెనకాల గుమస్తా, గుమస్తా చంకలో నియమావళి.

"క్షమించవలెను. వస్త్రఖండములతో తయారైన వస్తువు ఒకటి నేడు ఈ గృహములో ఒకరి నుండి మరొకరికి చేతులు మారనున్నట్లు సమాచారము."

"బొంతండి" అంది నూకరత్నం. "మనవరాలికి."

"ఎంత ధరకు?"

"ధరేంటండీ? మనవరాలు!"

త్రివిక్రమరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకి నిజంగానే బాధగా ఉన్నట్టుంది. "ఉచితము అనగా న్యాయధర కన్నా తక్కువ. నూటికి నూరు పాళ్లు తక్కువ. అమ్మా, మా సంస్థ పుట్టినది మొదలు ఇంతటి అన్యాయపు ధర ఎక్కడా నమోదు కాలేదు. బేరము జరిగిన పిదపనే ఇవ్వవలెను. లేనిచో జప్తు."

"జప్తా?" వరహాలమ్మ పీట మీంచి లేచింది. ఆవిడ వచ్చిందగ్గర్నించి కాఫీలో పంచదార తక్కువైందని మొదలుపెట్టి ఉయ్యాల కొక్కెం దాకా వంకలు పెడుతూనే ఉంది. ఇప్పుడు మాత్రం చెంగు నడుముకి బిగించింది. "మా వియ్యపురాలు కుట్టిన బొంత ముట్టుకో, చూద్దాం! గుడ్డముక్కకి ఆఫీసరంట, సిగ్గులేకపోతే సరి."

"అమ్మా, నేను ముట్టను. ముట్టవలసినది కొనుగోలుదారు. ఎవరు కొనుగోలుదారు?"

అందరూ బిడ్డవైపు చూశారు. భవాని ఒళ్లో ఆ పిల్ల ఎడమ పిడికిలి నోట్లో పెట్టుకుని చీకుతోంది.

గుమస్తా నియమావళి తిరగేశాడు. "బేరానికి ముందు కొనుగోలుదారు సరుకుని పరిశీలించాలండి. ఏడో నియమం."

"పరిశీలింపజేయండి" అన్నారు త్రివిక్రమరావు.

నూకరత్నం బొంతని గది మధ్యలో పరిచింది. ఇన్నాళ్లు గీత మీద నిలబడింది ఈ నిమిషం కోసం. ఇది పోతే మళ్లీ కుట్టడానికి ముక్కా లేదు, వ్యవధీ లేదు. భవాని చేతిలోంచి బిడ్డని తీసుకుని, తొమ్మిది రంగుల మధ్యన మెల్లిగా పడుకోబెట్టింది. బిడ్డ ఒకసారి ఒళ్లు విరుచుకుని, కాళ్లు చాపింది.

త్రివిక్రమరావు మోకాళ్ల మీద కూచుని, దరఖాస్తు బొంత మీదే పరిచి, గౌరవంగా ముందుకి వంగారు. "విక్రేత మీ అమ్మమ్మగారు. తమరు ఎంతకు అడుగుచున్నారు?"

బిడ్డ ఆయన్ని చూసింది. పిడికిలి తీసి, పెదాలు సున్నాలా చుట్టింది. ఆ పిల్ల మొహంలో ఒక గొప్ప ఆలోచన వచ్చినట్టు కనుబొమలు ముడిపడ్డాయి, ఆ తరవాత విడిపోయాయి. తొమ్మిది రంగుల్లో ముందు ఆకుపచ్చ, ఆ పక్కన పసుపు, ఆ పైన గులాబీ తడిసి ముదురుబారుతూ వచ్చాయి. తడి దరఖాస్తు దాకా పాకి, ధర రాయవలసిన గడిని తడిపి ఆగింది.

"సార్" అన్నాడు గుమస్తా గొంతు తగ్గించి. "సరుకు వాడేశారు."

"వాడిన సరుకు?"

"పంతొమ్మిదో నియమం సార్. పరిశీలనలో వాడేసిన సరుకు అమ్ముడైనట్టే. ఆ పైన అది పాతగుడ్డ. మన పరిధిలోకి రాదు."

త్రివిక్రమరావు తడిసిన కాగితం రెండు వేళ్లతో ఎత్తి వెలుతురులో పట్టుకుని చూశారు. వరహాలమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నూకరత్నం అక్కడే కూలబడి, నవ్వుతూ ఏడుస్తూ, తడి బొంత మీద కాళ్లు ఆడిస్తున్న మనవరాలి పాదాలు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. బిడ్డ కింద నించి బొంతని లాగేవాళ్లు ఇక ఎవరూ లేరు.

త్రివిక్రమరావు కొత్త కాగితం అడిగి తీసుకుని, గోడకి ఆనించి, నిలబడే రాశారు:

'ధర: కొనుగోలుదారు తనకు తోచినది అక్కడికక్కడే చెల్లించినది. విక్రేత మారుమాటాడక స్వీకరించినది.'